ఒక్క ఎలక్ట్రాన్ తేడాకి ఇంత రభసా?

ఈసారి వచ్చిన సందేహాల్లో సగానికి పైగా క్షార లోహాలు (లిథియం, సోడియం, పొటాషియం లాంటివి), జడ వాయువుల (హీలియం, నియాన్, ఆర్గాన్ లాంటివి) చుట్టూనే తిరిగాయి. పరీక్షలు దగ్గర పడ్డట్టున్నాయి! ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేశాను, మీరు రాసింది రాసినట్టు కనిపించకపోతే కోప్పడకండి. గుర్తుల గురించి ఒక్క ముక్క: 3ఎస్¹ అంటే మూడో కర్పరంలోని ఎస్ ఆర్బిటాల్‌లో ఒక ఎలక్ట్రాన్ ఉందని అర్థం (కర్పరం అంటే కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లుండే పొర, ఆర్బిటాల్ అంటే ఆ పొరలో ఒక భాగం). అంతకు మించి భయపడాల్సిందేం లేదు.

ప్రశ్న: సార్, నియాన్‌కి పది ఎలక్ట్రాన్లు, సోడియానికి పదకొండు. తేడా ఒక్కటే. మరి నియాన్ దేనితోనూ కలవదు, సోడియం ముక్కని నీళ్లలో వేస్తే బుసబుసమంటూ పరుగులు పెడుతుంది. ఒక్క ఎలక్ట్రాన్‌కి ఇంత రభసేమిటి?

జవాబు: రెంటినీ ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. నియాన్ 1ఎస్² 2ఎస్² 2పి⁶. సోడియం 1ఎస్² 2ఎస్² 2పి⁶ 3ఎస్¹. సోడియంలో మొదటి పదీ నియాన్‌లో ఉన్న వరసలోనే ఉన్నాయి, అందుకే బద్ధకస్తులు (నేనూ అందులో ఒకణ్ణే) దాన్ని [నియాన్] 3ఎస్¹ అని రాసి ఊరుకుంటారు. మిగతా క్షార లోహాలదీ ఇదే వరస: లిథియం [హీలియం] 2ఎస్¹, పొటాషియం [ఆర్గాన్] 4ఎస్¹, రుబీడియం [క్రిప్టాన్] 5ఎస్¹, సీజియం [జినాన్] 6ఎస్¹, ఫ్రాన్షియం [రేడాన్] 7ఎస్¹. అంటే ప్రతి క్షార లోహం లోపలా ఒక జడ వాయువు వేషం దాగి ఉంది, బయట మాత్రం ఒక్కటంటే ఒక్క ఎలక్ట్రాన్.

అయితే ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయని లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే మీ ప్రశ్నకి జవాబు దొరకదు. చివరి ఎలక్ట్రాన్‌ని కేంద్రకం ఎంత గట్టిగా పట్టుకుందో చూడాలి. సోడియం కేంద్రకంలో 11 ప్రోటాన్లున్నాయి నిజమే, కానీ బయటి 3ఎస్ ఎలక్ట్రాన్‌కి ఆ 11 పూర్తిగా అందవు, మధ్యలో పది ఎలక్ట్రాన్లు తెరలా అడ్డం నిలబడ్డాయి. ఎంత అడ్డం అంటే, 1930లో స్లేటర్ అనే ఆయన ఒక ఉజ్జాయింపు లెక్క ఇచ్చాడు, కాగితం మీద అర నిమిషంలో అయిపోతుంది. మనం చూస్తున్న ఎలక్ట్రాన్‌తో పాటు అదే కర్పరంలో ఉన్న ఒక్కో ఎలక్ట్రాన్ 0.35 వంతు అడ్డుపడుతుంది, దానికి సరిగ్గా ఒక కర్పరం లోపలున్నది 0.85 వంతు, ఇంకా లోపలున్నది పూర్తిగా 1. ఎస్, పి ఎలక్ట్రాన్లకి ఇది చాలు. ఇప్పుడు సోడియం 3ఎస్ ఎలక్ట్రాన్‌ని తీసుకోండి: రెండో కర్పరంలో ఎనిమిది, అంటే 6.8, మొదటి కర్పరంలో రెండు, అంటే 2, మొత్తం 8.8 పోయింది. 11లోంచి 8.8 తీసేస్తే మిగిలేది 2.2. పదకొండు ప్రోటాన్ల కేంద్రకానికి అంత దూరంలో ఉన్న ఎలక్ట్రాన్ మీద చలాయించగలిగిన అధికారం అంతే.

అదే నియాన్‌లో 2పి ఎలక్ట్రాన్ సంగతి చూస్తే, తనతో పాటు అదే కర్పరంలో ఏడు (2.45), లోపల రెండు (1.7), మొత్తం 4.15. పదిలోంచి తీసేస్తే 5.85. ప్రోటాన్ ఒకటి తక్కువే, పట్టు మాత్రం రెండున్నర రెట్లకు పైగా ఎక్కువ, పైగా ఆ ఎలక్ట్రాన్ కేంద్రకానికి దగ్గరగా కూడా ఉంది. ఇదంతా అయనీకరణ శక్తిలో బయటపడుతుంది: నియాన్ నుంచి ఒక ఎలక్ట్రాన్‌ని లాగడానికి మోల్‌కి 2081 కిలోజౌళ్లు కావాలి, సోడియానికి 496 చాలు.

ఇక నాకు బాగా ఇష్టమైన అంకె. సోడియం నుంచి ఆ ఒక్కటీ తీసేశాక రెండోదాన్ని కూడా లాగుదామని చూస్తే 4562 కిలోజౌళ్లు అడుగుతుంది! తొమ్మిది రెట్లు. ఎందుకంటే ఇప్పుడు మనం చెయ్యి పెట్టింది లోపలి నియాన్ గూటిలో, అదీ పది కాదు పదకొండు ప్రోటాన్లు కాపలా ఉన్న గూటిలో (స్లేటర్ లెక్క ప్రకారం అక్కడి పట్టు 6.85). సోడియం ఎప్పుడూ ఒకటే ఇచ్చి చెయ్యి దులుపుకుంటుంది, రెండోది ఇవ్వదు అని బట్టీ పట్టే బదులు ఈ 496, 4562 గుర్తు పెట్టుకుంటే చాలు.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. "సోడియం ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటే నియాన్ అయిపోతుందా నాన్నా" అని అడిగింది. కాదని చెప్పాను కానీ ఎందుకు కాదో చెప్పలేకపోయాను.

జవాబు: మీరు చెప్పింది కరెక్టే. మూలకం ఏదన్నది నిర్ణయించేవి ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు కావు. సోడియం అయాన్‌లో (అంటే ఎలక్ట్రాన్ పోయి ఆవేశం మిగిలిన సోడియంలో) ఇంకా 11 ప్రోటాన్లు, పది ఎలక్ట్రాన్లు. నికరంగా ఒక ధనావేశం మిగిలింది. నియాన్‌లో పదికి పది. ఎలక్ట్రాన్ల విన్యాసం (అమరిక) ఒకటే, మనిషి వేరు. మీ అమ్మాయికి ఈ వరస చూపించండి: ఆక్సైడ్ అయాన్, ఫ్లోరైడ్ అయాన్, నియాన్, సోడియం అయాన్, మెగ్నీషియం అయాన్. ఐదింటిలోనూ పదేసి ఎలక్ట్రాన్లు, అదే 1ఎస్² 2ఎస్² 2పి⁶. ప్రోటాన్లు మాత్రం వరసగా 8, 9, 10, 11, 12. అదే పది ఎలక్ట్రాన్లని ప్రోటాన్లు పెరిగేకొద్దీ లోపలికి లాక్కుంటాయి కాబట్టి సైజు తగ్గుతూ పోతుంది. స్ఫటికాల్లో అయాన్ల వ్యాసార్థాలు ఆక్సైడ్‌కి 140 పికోమీటర్లు, ఫ్లోరైడ్‌కి 133, సోడియానికి 102, మెగ్నీషియానికి 72. ఉప్పులో ఉన్నది సోడియం అయాన్, అందుకే అది నీళ్లలో పడ్డా పేలదు. అలాగని నియాన్‌లా గాల్లోకి ఎగిరీ పోదు, ఆవేశం ఉంది కదా, పక్కనున్న క్లోరైడ్ దాన్ని వదిలిపెట్టదు.

ప్రశ్న: "స్థిరత్వం కోసం సోడియం ఎలక్ట్రాన్‌ని వదిలించుకోవాలని చూస్తుంది" అని మా నోట్సులో ఉంది. అలా చూసేదైతే 496 కిలోజౌళ్లు మనం ఎందుకు ఇవ్వాలి?

జవాబు: ఈ ప్రశ్న రాసిన వాళ్లకి దండం! నేను కూడా పాఠం చెప్పేటప్పుడు ఏళ్ల తరబడి "సోడియం తహతహలాడుతుంది" అనే చెప్పాను, ఒకరోజు వెనక బెంచీ కుర్రాడు అచ్చం ఇదే అడిగితే నోట మాట రాలేదు. ఒంటరిగా ఉన్న సోడియం పరమాణువుకి ఎలక్ట్రాన్‌ని వదిలే ఉద్దేశం ఏ కోశానా లేదు. ఊరికే వదలదు, లాగాలి.

మరి ఉప్పు ఎలా తయారవుతోంది? జమాఖర్చు రాద్దాం, అన్నీ మోల్‌కి కిలోజౌళ్లలో. లోహాన్ని విడి పరమాణువులు చెయ్యడానికి 107, క్లోరిన్ అణువులో సగాన్ని విడగొట్టడానికి 122, సోడియం ఎలక్ట్రాన్‌ని లాగడానికి 496. ఇప్పటికి 725 ఖర్చు. ఆ ఎలక్ట్రాన్‌ని క్లోరిన్ తీసుకున్నప్పుడు 349 తిరిగొస్తుంది. చూశారా, ఇంకా 376 అప్పులోనే ఉన్నాం! అంటే ఎలక్ట్రాన్ చేతులు మారడం ఒక్కటే అయితే అది నష్టాల బేరం. ఆ తర్వాత ఈ ధన, రుణ అయాన్లు ఒకదాన్నొకటి లాక్కుని స్ఫటికంగా పేర్చుకున్నప్పుడు 787 విడుదలవుతుంది, అప్పు తీరిపోయి 411 మిగులుతుంది. లాభమంతా చివర్లో స్ఫటికం దగ్గర వచ్చింది. రెండో ఎలక్ట్రాన్‌ని కూడా ఇచ్చేస్తే ఎలా ఉంటుందో మీరే లెక్కేయండి, 4562 ఖర్చుని ఏ స్ఫటికమూ పూడ్చలేదు. నియాన్ సంగతీ అంతే, మొదటి మెట్టులోనే 2081 అడిగితే బేరం తెగదు.

ఈ "తహతహ" కథని పూర్తిగా పక్కన పెట్టడానికి ఇంకో సాక్ష్యం ఉంది. విడి సోడియం పరమాణువుకి ఒక ఎలక్ట్రాన్ అదనంగా ఇస్తే అది తీసుకుంటుంది, తీసుకుని 53 కిలోజౌళ్లు విడుదల కూడా చేస్తుంది. 3ఎస్‌లో ఇంకొకరికి చోటుంది కదా మరి. 1974లో అమెరికాలో జేమ్స్ డై బృందం సోడియం రుణ అయాన్ ఉన్న స్ఫటికాలనే తయారుచేసింది. ధన అయాన్‌ని పంజరం లాంటి ఒక పెద్ద అణువులో బంధించి, రుణ అయాన్‌ని బయట ఉంచారు, చూడ్డానికి బంగారు రంగు. 3ఎస్² విన్యాసంతో సోడియం! నియాన్‌లా మారాలని అది కలలు కంటోందని చెప్పే నోట్సులో దీనికి చోటు దొరకదు. నియాన్‌కి అదనపు ఎలక్ట్రాన్ ఇవ్వబోతే మాత్రం అది అంటించుకోదు, ఉన్న చోట్లన్నీ నిండిపోయాయి, ఖాళీగా ఉన్న 3ఎస్ దూరంగా, పది ఎలక్ట్రాన్ల తెర వెనక ఉంది.

ప్రశ్న: మూడో కర్పరంలో 18 ఎలక్ట్రాన్లు పడతాయన్నారు. ఆర్గాన్‌లో అక్కడ ఎనిమిదే ఉన్నాయి. ఇంకా పది ఖాళీలు పెట్టుకుని పొటాషియం పంతొమ్మిదో ఎలక్ట్రాన్ నాలుగో కర్పరంలోకి ఎందుకు పోయింది?

జవాబు: నిండా పద్దెనిమిది పట్టాలంటే 3ఎస్, 3పి తర్వాత 3డి కూడా నిండాలి. పంతొమ్మిదో ఎలక్ట్రాన్ ముందు రెండు దారులున్నాయి, 3డి లేదా 4ఎస్. అంకె చూస్తే 3 దగ్గర, 4 దూరం అనిపిస్తుంది. కానీ ఆర్బిటాల్ అంటే గోడ కట్టిన గది కాదు, ఎలక్ట్రాన్ ఎక్కడెక్కడ కనిపించవచ్చో చెప్పే మేఘం. 4ఎస్ మేఘం ఎక్కువగా బయటే ఉన్నా దానిలో కొంత భాగం లోపలి ఎలక్ట్రాన్ల మధ్యలోంచి దూరి కేంద్రకం దాకా పోతుంది, అక్కడ తెర పల్చన, ఆకర్షణ ఎక్కువ. 3డి మేఘం కేంద్రకం దగ్గరికి దాదాపు వెళ్లదు, పద్దెనిమిది ఎలక్ట్రాన్లూ దానికి పూర్తిగా అడ్డమే. అందుకే పొటాషియంలో 4ఎస్ శక్తి తక్కువ.

ఇది ఊహ కాదు, పొటాషియం వర్ణపటంలో కొలిచిన సంగతి. 4ఎస్ ఎలక్ట్రాన్‌ని 4పికి ఎక్కించడానికి 1.6 ఎలక్ట్రాన్ వోల్టులు (ఒక్కో ఎలక్ట్రాన్ స్థాయిలో శక్తిని కొలిచే కొలమానం) చాలు, 3డికి ఎక్కించాలంటే దాదాపు 2.7 కావాలి. అంటే పొటాషియంలో 3డి అనేది 4ఎస్ కంటేనే కాదు, 4పి కంటే కూడా పైన ఉంది! స్కాండియం దగ్గరికి వచ్చేసరికి ప్రోటాన్లు పెరిగి 3డి కిందికి దిగుతుంది, ఆ గొడవ ఇంకోసారి.

పనిలో పనిగా ఒక సవరణ. "జడ వాయువుల బయటి కర్పరం పూర్తిగా నిండి ఉంటుంది" అని చదువుతాం కదా, అది హీలియం, నియాన్‌లకి మాత్రమే అక్షరాలా నిజం. ఆర్గాన్‌లో 3డి ఖాళీ, క్రిప్టాన్‌లో 4డి, 4ఎఫ్ ఖాళీ. నిండినవి బయటి ఎస్, పి మాత్రమే, ఆ తర్వాతి మెట్టు చాలా ఎత్తున ఉంది కాబట్టి అవి నిండితే చాలన్నమాట.

ప్రశ్న: ఆర్గాన్ పరమాణు భారం 39.95, పొటాషియానిది 39.10. బరువైనది ముందు, తేలికది తర్వాత. ఆవర్తన పట్టికలో పొరపాటా?

జవాబు: భారాల ప్రకారం పేర్చితే ఆర్గాన్ వెళ్లి లిథియం, సోడియంల కింద కూర్చోవాలి, పొటాషియం జడ వాయువుల్లో పడాలి. తలకిందులే కదా. 1894లో రేలీ, రామ్సే ఆర్గాన్‌ని కనిపెట్టినప్పటి నుంచీ ఇది తలనొప్పే. 1913లో మోస్లీ ఎక్స్ కిరణాలతో కొలిచి, మూలకాల వరసని నిర్ణయించేది భారం కాదు, కేంద్రకంలోని ఆవేశం అని తేల్చాక కుదుటపడింది: ఆర్గాన్ 18, పొటాషియం 19.

మరి ఆర్గాన్‌కి అంత బరువెందుకు అంటే, దానికి కారణం పొటాషియమే! సహజ పొటాషియంలో 0.0117 శాతం పొటాషియం-40 ఉంటుంది, దీని అర్ధాయువు (ఉన్నదాంట్లో సగం మారిపోవడానికి పట్టే కాలం) 125 కోట్ల సంవత్సరాలు. అందులో ఎక్కువ భాగం కాల్షియంగా మారుతుంది కానీ దాదాపు 11 శాతం, కేంద్రకం తన ఎలక్ట్రాన్‌నే ఒకదాన్ని మింగేసి, ఒక ప్రోటాన్ న్యూట్రాన్‌గా మారి, ఆర్గాన్-40 అవుతుంది. మన గాలిలో 0.93 శాతం ఆర్గాన్, దాదాపు అంతా ఈ ఆర్గాన్-40యే, రాళ్లలోని పొటాషియం నుంచి కోట్ల ఏళ్లుగా పుట్టుకొచ్చింది. పై ప్రశ్న అడిగిన అమ్మాయికి ఇది కూడా చెప్పండి, క్షార లోహం నిజంగానే జడ వాయువు అయ్యే దారి ఒకటుంది, కాకపోతే ఎలక్ట్రాన్ పోగొట్టుకుని కాదు, ప్రోటాన్‌ని మార్చుకుని.

ప్రశ్న: హీలియంకి రెండే ఎలక్ట్రాన్లు, 1ఎస్². మరి బెరీలియం పక్కన ఎందుకు పెట్టలేదు?

జవాబు: పెట్టాలని వాదించేవాళ్లూ ఉన్నారు. కానీ బెరీలియంలో 2ఎస్² పక్కనే 2పి ఖాళీగా, అందుబాటులో ఉంది. మొదటి కర్పరంలో పి అనేదే లేదు, రెండుతో అది సరి. అయనీకరణ శక్తి 2372, మూలకాలన్నిట్లోకీ ఎక్కువ. గుణం చూసి చోటిచ్చారు.

ప్రశ్న: జినాన్ సమ్మేళనాలు ఉన్నాయంటున్నారు. ఇక "జడ" అనడం దేనికి?

జవాబు: పాత అలవాటు. 1962లో నీల్ బార్ట్‌లెట్ ప్లాటినం హెక్సాఫ్లోరైడ్‌తో పని చేస్తూ అది ఏకంగా ఆక్సిజన్ అణువు నుంచే ఎలక్ట్రాన్ లాగేసిందని గమనించాడు. ఆక్సిజన్ అణువు అయనీకరణ శక్తి 1175 కిలోజౌళ్లు, జినాన్‌ది 1170. ఇది కుదిరితే అదెందుకు కుదరదు అని కలిపి చూశాడు, కుదిరింది. ఆ తర్వాత జినాన్ ఫ్లోరైడ్‌లు వరసగా వచ్చాయి. నియాన్ 2081 నుంచి జినాన్ 1170కి ఎందుకు తగ్గిందో మీకిప్పటికి తెలిసే ఉంటుంది, దూరం పెరిగింది. అదే కారణంతో లిథియం 520 నుంచి సీజియం 376కి దిగుతుంది. అయినా జినాన్‌నీ దాని పక్కనే ఉన్న సీజియాన్నీ పోల్చి చూడండి, మూడు రెట్లకు పైనే తేడా ఇంకా ఉంది. హీలియం కూడా వాతావరణ పీడనానికి పది లక్షల రెట్లు మించిన ఒత్తిడిలో సోడియంతో కలిసి ఒక స్ఫటికం కట్టిందని 2017లో తేలింది, కానీ అందులోనూ అది ఎలక్ట్రాన్ ఇచ్చిందీ లేదు, పుచ్చుకున్నదీ లేదు, ఊరికే చోటు పంచుకుంది.

ప్రశ్న: పాత రకం సోడియం దీపం వెయ్యగానే ముందు ఎర్రగా వెలిగి, కాసేపయ్యాక పసుపు రంగులోకి మారుతుంది. ఎందుకు?

జవాబు: ఈ నెలకి ఇదే నా అభిమాన ప్రశ్న, ఎందుకంటే క్షార లోహం, జడ వాయువు రెండూ ఒకే గొట్టంలో ఉన్నాయి. మీరు చెబుతున్నది తక్కువ పీడనపు సోడియం దీపం. చల్లగా ఉన్నప్పుడు సోడియం గడ్డకట్టి గాజు గోడలకి అంటుకుని ఉంటుంది, వెలగడానికి ఆవిరే లేదు. అందుకని లోపల కొంచెం ఆర్గాన్ కలిపిన నియాన్ నింపుతారు. స్విచ్ వెయ్యగానే కరెంటు నియాన్‌లోంచి పారుతుంది, ఎర్రటి వెలుగు నియాన్‌ది. ఆ వేడికి సోడియం నెమ్మదిగా ఆవిరవుతుంది, అయ్యాక పసుపు వెలుగు దాన్ని మింగేస్తుంది. నియాన్ ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. కానీ దాన్ని మొదటి మెట్టు ఎక్కించడానికే 16.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, సోడియం 3ఎస్ ఎలక్ట్రాన్‌ని 3పికి ఎక్కించడానికి 2.1 చాలు. చవగ్గా దొరికేది పక్కన ఉండగా కరెంటు ఖరీదైనదాని జోలికి పోదు. సోడియం ఉప్పు మామూలు మంటలో చల్లినా పసుపు రంగు రావడానికీ, నియాన్‌ని మంటలోకి ఊదితే ఏ రంగూ రాకపోవడానికీ కారణం ఇదే.

కొంచెం లోపలికి వెళ్దాం. సోడియం పసుపు, 589 నానోమీటర్లు, 3పి నుంచి 3ఎస్‌కి దిగినప్పుడు వస్తుంది. నియాన్ ఎరుపులో గట్టి గీత ఒకటి 640 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, అది ఎక్కణ్ణుంచి ఎక్కడికి దిగితే వస్తుందో తెలుసా? 3పి నుంచి 3ఎస్‌కే! ఉద్రేకించిన నియాన్‌లో ఒక ఎలక్ట్రాన్ రెండో కర్పరం వదిలి మూడో కర్పరంలోకి వచ్చేస్తుంది, లోపల తొమ్మిది, బయట ఒంటరిగా ఒకటి, అంటే అది కాసేపు దాదాపు సోడియం లాంటిదే అయిపోయింది. ఆ స్థితిలో ఉన్న నియాన్ నుంచి బయటి ఎలక్ట్రాన్‌ని లాగడానికి కావలసింది 4.9 ఎలక్ట్రాన్ వోల్టులు, సోడియానికి 5.1. ఏమాత్రం తేడా లేదు కదా. ఈసారి ఆ దీపం ఎక్కడైనా కనబడితే ఎరుపు పూర్తిగా పోకుండా పసుపు మొదలవుతున్న ఆ నిమిషం కాస్త ఆగి చూడండి, రెండు రంగులూ కలిసి కనిపిస్తాయి.